తమాలే బండి పెట్టుకునేవాళ్లకి ముందు అప్పా, కాగితాలా?

పద్మజ_శానోసే: శనివారాలు కమ్యూనిటీ సెంటర్లో ఫారాలు నింపిపెట్టే మనవాళ్లని అడుగుతున్నా. మెక్సికో, గ్వాటెమాలా నుంచి వచ్చి తమాలేలు (మొక్కజొన్న పిండిని పొత్తుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి) అమ్ముకుందామనుకునేవాళ్లకి మన డబ్బు అప్పుగా ఇద్దామా, పర్మిట్లు, కాగితాల ఫీజులకి కడదామా? నేనైతే అప్పే అంటాను. వాళ్లకి టాండా ఉంది, గ్వాటెమాలా వాళ్లు కుచుబాల్ అంటారు. పదిమంది వారానికి వంద డాలర్లు వేస్తే వరసలో ఒకరికి వెయ్యి. మన చీటీలా పాట లేదు, కోతా లేదు. మనమూ ఓ వాటా వేద్దాం.

ట్యాక్స్_మూర్తి: టాండా ఎన్నేళ్లు కట్టినా క్రెడిట్ స్కోరు కదలదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ అసెట్ ఫండ్ అదే పద్ధతిని వడ్డీలేని అప్పుగా రాసి, వాయిదాలన్నీ క్రెడిట్ బ్యూరోలకి పంపుతుంది. పైగా డబ్బుంటే సరా? కౌంటీ ఒప్పుకుని ఇంటి వంటగదికి పర్మిట్ ఇస్తే తప్ప ఇంట్లో వండి అమ్మకూడదు. లేదంటే కమిసరీ, అంటే పర్మిట్ ఉన్న వంటశాల, అద్దెకి కావాలి. బండి మీద వేడి 135 ఫారన్‌హీట్‌కి తగ్గకూడదు.

కిట్టు: ఎల్ఎల్‌సీ పెట్టించండి, వ్యాపారం అప్పులు సొంత ఆస్తి మీదకి రాకుండా చూసే కంపెనీ. సేఫ్.

ట్యాక్స్_మూర్తి: కాలిఫోర్నియాలో దానికి లాభమున్నా లేకున్నా ఏటా 800 డాలర్లు. సొంత పేరు మీద చాలు. వ్యాపారం పేర్లో ఇంటిపేరుంటే, "గార్సియా తమాలేస్" లాగా, వేరే పేరైతే పేపర్లో ఇవ్వాల్సిన నాలుగు వారాల ప్రకటన ఖర్చూ తప్పుతుంది.

కిట్టు: తిన్నవాడు కేసేస్తే ఆ 800 గుర్తొస్తాయి.

ట్యాక్స్_మూర్తి: దానికి ఇన్సూరెన్స్ ఉంది స్వామీ.

కిట్టు: ఇల్లు పోతే?

సత్తిబాబు: తోపుడు బండివాడికి ఇల్లెక్కడిది కిట్టూ!

ట్యాక్స్_మూర్తి: ముందు ఐటిన్, అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్లకి ఐఆర్ఎస్ (కేంద్ర పన్నుల శాఖ) ఇచ్చే పన్ను నంబరు. దానికి డబ్ల్యూ-7 ఫారం టాక్స్ రిటర్నుతో జతచేయాలి. నోటరీ కాపీ చెల్లదు. ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపి వారాలు ఎదురుచూడొద్దు, ఐఆర్ఎస్ గుర్తించిన ఏజెంటు చూసి అప్పుడే తిరిగిచ్చేస్తాడు. వాళ్లకి తండ్రి వైపుదొకటి, తల్లి వైపుదొకటి రెండు ఇంటిపేర్లు. ఫారంలో రెండూ రాసి బ్యాంకులో ఒకటే రాస్తే అక్కడే ఆగిపోతుంది. మన ఇంటిపేర్ల తిప్పలు తెలిసినవే కదా.

పద్మజ_శానోసే: మూర్తిగారూ, ఆ డబ్ల్యూ-7లో అడ్రసు రాస్తారు. 2025 ఏప్రిల్లో ఐఆర్ఎస్ ఉన్న ట్రెజరీకీ, కాగితాల్లేని వలసదారుల్ని పట్టుకునే హోంల్యాండ్ సెక్యూరిటీకీ టాక్స్ వివరాలు పంచుకునే ఒప్పందం కుదిరింది. తర్వాత కోర్టులకెక్కింది, సరే. రిస్కు మీదా, వాళ్లదా? నేను అప్పు అప్పు అంటున్నది అందుకే. టాండాకి అడ్రసు అక్కర్లేదు.

ట్యాక్స్_మూర్తి: ఆ మాట మొదటే అనొచ్చుగా! ఇంతసేపూ క్రెడిట్ స్కోరు గురించి కొట్టుకున్నాం. కానీ రిటర్ను వేయకపోతే ఆదాయానికి రుజువుండదు, రేపు ఎవరూ అప్పివ్వరు. ఏడాదికి 400 డాలర్లు నికరంగా మిగిలినా సొంత పనివాళ్ల పన్ను 15.3 శాతం లెక్కకొస్తుంది. పేరుకుంటే మరీ కష్టం.

పద్మజ_శానోసే: పేరుకున్న పన్ను వాయిదాల్లో కట్టొచ్చు. పట్టుకెళ్లిన మనిషిని ఏ వాయిదాల్లో తెస్తారు?

కిట్టు: ప్రైవేటు మెయిల్‌బాక్స్ అడ్రసు ఇస్తే?

ట్యాక్స్_మూర్తి: డబ్ల్యూ-7లో అది కుదరదు. పోస్టాఫీసువాళ్లు ఇంటికి ఉత్తరాలు తేలేనిచోట వాళ్ల పీఓ బాక్సే రాయాలి.

పద్మజ_శానోసే: అయితే ఫారం తీసే ముందే అడ్రసు సంగతి స్పానిష్‌లో చెప్పాలి. ఈ శనివారం ఆ మాట ఎవరు చెప్తారు?

సత్తిబాబు: స్పానిష్ వచ్చినవాళ్లు మనలో ఎందరు అసలు?