ప్రీకాస్ట్ బీమ్‌కి డోవెల్ లేకుండా ఫ్రిక్షన్ ఒక్కటే సరిపోతుందా?

కొత్త_సివిల్: ఒక అంతస్తు ప్రీకాస్ట్ (ముక్కలు ముందే పోసి, తెచ్చి బిగించే) ఫ్యాక్టరీ షెడ్ డ్రాయింగ్ చెక్ చేస్తున్నాను. కాలమ్‌కి కార్బెల్ (బయటికి పొడుచుకొచ్చిన కాంక్రీట్ దిమ్మ), దాని మీద నియోప్రీన్ అనే రబ్బరు ప్యాడ్, ఆపైన బీమ్, అంతే. బీమ్‌ని కార్బెల్‌తో కలిపి పట్టే నిలువు ఇనుప కడ్డీ, అదే డోవెల్, ఏది సార్ అంటే "12 టన్నుల బీమ్, ఎక్కడికి పోతుందయ్యా" అన్నారు మా సీనియర్. భూకంపానికి ఫ్రిక్షన్‌ని లెక్కలోకి తీసుకోవచ్చా?

కార్బెల్_బాబాయ్: వద్దు తమ్ముడూ. బరువు పెరిగితే ఫ్రిక్షన్ పెరిగే మాట నిజమే, కానీ భూకంపం లాగే బలం కూడా అదే బరువుతో పాటు పెరుగుతుంది కదా, ఇక 12 టన్నులైతే ఏంటి, 2 టన్నులైతే ఏంటి? పైగా నేల పైకీ కిందికీ కూడా ఊగుతుంది, బీమ్ తేలికయ్యే ఆ క్షణంలో ఉన్న ఫ్రిక్షన్ కూడా పోతుంది. 2012లో ఇటలీలోని ఎమీలియాలో చాలా షెడ్లు కూలింది ఇలాగే, బీమ్ కార్బెల్ మీంచి జారిపోయి. డోవెల్ పెట్టించు, సీటింగ్ పొడవు, అంటే బీమ్ కార్బెల్ మీద ఆనే పొడవు కూడా ఇంకాస్త పెంచు.

గ్రౌట్_గురు: డోవెల్ పెట్టి వదిలేస్తే చాలదు. అది బీమ్ చివర అంచుకి దగ్గరగా ఉంటే కాంక్రీట్ పెచ్చు ఊడి డోవెల్ బయటికొచ్చేస్తుంది, దాని చుట్టూ యూ ఆకారపు లూప్ బార్లు ఉన్నాయో లేదో చూడండి. 1988 ఆర్మేనియా భూకంపంలో లెనినాకాన్‌లో 9 అంతస్తుల ప్రీకాస్ట్ ఫ్రేమ్ బిల్డింగులు కుప్పకూలితే అదే ఊళ్లో పెద్ద ప్రీకాస్ట్ ప్యానెళ్లతో కట్టినవి నిలబడ్డాయి. ప్రీకాస్ట్ అనగానే భయపడక్కర్లేదు, జాయింట్ ఎలా కట్టారన్నదే అసలు సంగతి.

టెండన్77: గ్రౌట్ స్లీవ్‌తో (కడ్డీల చివర్లు ఒక గొట్టంలో పెట్టి గ్రౌట్ అనే పల్చటి సిమెంట్ మిశ్రమం నింపే పద్ధతి) కలిపేసి అచ్చం సైట్‌లో పోసిన కాంక్రీట్‌లా చేయడం ఒక్కటే దారి అనుకోకండి. 1999లో శాన్ డియేగోలో 5 అంతస్తుల ప్రీకాస్ట్ నమూనాని పరీక్షించారు, అందులో కొన్ని జాయింట్లలో బాండ్ లేని టెండన్లు (కాంక్రీట్‌కి అతుక్కోకుండా బిగించి లాగిన ఉక్కు తీగలు), ఊగినప్పుడు జాయింట్ తెరుచుకుంటుంది, టెండన్ మళ్లీ లాగి మూసేస్తుంది. స్లీవ్ అయితే నాకు సైట్ టెన్షనే ఎక్కువ, పై రంధ్రంలోంచి గ్రౌట్ బయటికి రాకుండానే ప్లగ్ కొట్టేస్తే లోపల ఖాళీ ఉందని ఎవరికి తెలుస్తుంది?

కొత్త_సివిల్: థాంక్స్ అందరికీ. డోవెల్ వేస్తే ప్యాడ్ తీసేయాలా?

కార్బెల్_బాబాయ్: అక్కర్లేదు, బీమ్ చివర కాస్త తిరగాలంటే ప్యాడ్ ఉండాల్సిందే. దానికి డోవెల్ పట్టేంత రంధ్రం పెట్టించు.