'పాన్‌యాసాన్' అంటే కొట్టా, కొట్టాయనా?

పేటలోని ఒక చిన్న కొట్టు చుట్టూ అల్లుకునే జపాను కథలను తెలుగు చేస్తుంటే, ఒక మాట దగ్గర కలం ఆగిపోతోంది. రొట్టెల కొట్టు 'పాన్‌యాసాన్'. రొట్టెలు కాల్చే మనిషీ 'పాన్‌యాసాన్'. 'పాన్' అంటే రొట్టె, 'సాన్' మన 'గారు' వంటిది. మరి 'యా'? 'రొట్టెల దుకాణం' అంటే మనిషి మాయమవుతున్నాడు. 'రొట్టెల వ్యాపారి' అంటే లెక్కల పుస్తకం గుర్తొస్తోంది. 'బాబాయి' అనేయవచ్చా?

జవాబు: 'బాబాయి' వద్దండీ. ఆ కథల అందమంతా వరస కలపకుండానే దగ్గరవడంలో ఉంది. ఏళ్ల తరబడి రోజూ పలకరించుకుంటారు, ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది, అయినా 'సాన్' అనే మన్ననను వదలరు. మనం మొదటి పుటలోనే చుట్టరికం కలిపేస్తే, రచయిత మెల్లగా నడిపించే దారి ఇక మిగలదు.

ఇక 'యా'. దాన్ని రాసే అక్షరమే ఇంటి కప్పును చెప్పే 'యానె'లోనూ వస్తుంది. ఇల్లు, అంగడి, దాన్ని నడిపే మనిషి, అన్నీ ఆ అక్షరంలో ఇమిడిపోయాయి. పాత పట్టణాల్లో వీధివైపు కొట్టు, వెనుక కాపురం. 'ఎదో' అనే షోగన్ల పాలనాకాలంలో (1603–1868) వర్తకులకు బాహాటంగా ఇంటిపేరు వాడుకునే హక్కు సాధారణంగా ఉండేది కాదు. కొట్టు పేరే వాళ్ల ఇంటిపేరుగా చెలామణి అయింది. కబుకి అనే సంప్రదాయ నాటకశాలలో ఈనాటికీ ఇచికావా దంజూరో వంశపు నటుడు రంగం మీదికి వస్తే 'నారితాయా!' అని ఆ వంశపు 'యా' పేరు పెట్టి కేక వేస్తారు. నన్ను కదిలించేది ఇంకొకటి: ఒంటరితనాన్ని ఓర్చుకోలేని మనిషిని 'సబిషిగారియా' అంటారు. అంగడికి తగిలించే 'యా'నే మనిషి స్వభావానికీ తగిలించారు!

నా ఓటు 'రొట్టెలాయన'కు. 'పాలాయన', 'కూరగాయలావిడ' మన నోళ్లలో ఉన్నవే. క్రియలో బహువచనం పెడితే 'సాన్' కూడా దక్కుతుంది: "రొట్టెలాయన ఇంకా తలుపులు తీయలేదు, తీశారంటే వెళ్దాం." ఇక్కడ మనిషీ ఉన్నారు, కొట్టూ ఉంది. అయితే "పాన్‌యాసాన్ మూలమీద ఉంది" వంటి చోట 'రొట్టెల కొట్టు' అనే రాయండి. ప్రతిచోటా ఒకే మాట ఉండాలన్న పట్టుదల అనువాదాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది.

మరో జవాబు: 'రొట్టెలాయన' బాగుంది. ఒక్క మినహాయింపు అడుగుతాను. పిల్లల చిరుతిళ్ల కొట్టు 'దగాషియా' వస్తే మాత్రం వరసకు తలుపు తీయండి. అక్కడి పెద్దావిడను పిల్లలే 'ఒబాచాన్' అంటారు. అది అత్త, పిన్ని వరసలో పుట్టిన పిలుపు. అక్కడ 'అత్తా' అంటే మూలానికి అన్యాయం జరగదు.

మొదట అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. 'రొట్టెలాయన'నే ఉంచుతున్నాను, చిరుతిళ్ల కొట్టులో 'అత్తా'. కొట్టువాళ్లు వాడుక మనుషులతో అనే 'మాయిదో' ఇంకా తేలలేదు. 'ప్రతిసారీ మీకు కృతజ్ఞతలు' అనే పూర్తి మాటలో మొదటి ముక్క మాత్రమే అది. "రండి రండి" సరిపోతుందా, కృతజ్ఞత కూడా వినిపించే పిలుపు మీ ఊళ్లో ఏదైనా ఉందా?