చర్చ: పాత ట్యూబు టీవీ బాగానే పనిచేస్తుండగా హెచ్‌డీ టీవీకి మారడం అవసరమా?

అడిగినవారు, రాజమహేంద్రవరం:
మా అమ్మానాన్నలు చూసే 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీ నేటికీ చెడిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ కొందామని నేనంటున్నాను. ఉన్నది బాగానే ఉందిగా అని నాన్నగారు అంటున్నారు. కుర్చీలకూ టీవీకీ మధ్య దూరం తొమ్మిది అడుగులు.

జవాబు, విశాఖపట్నం:
నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మామూలు ఎస్‌డీ ప్రసారంలో, అంటే హెచ్‌డీ కన్నా స్పష్టత తక్కువగా ఉండే పాత రకం ప్రసారంలో, బొమ్మకు 576 అడ్డగీతలే ఉంటాయి. చిన్న తెర మీద నిండుగా కనిపించే ఆ బొమ్మను 43 అంగుళాలకు సాగదీస్తే ముఖాలు అలుక్కుపోయినట్లు ఉంటాయి. మేము కొత్త టీవీ పెట్టిన మొదటి వారంలోనే మా అత్తగారు పాతదే నయమన్నారు. ఆమెది చాదస్తం కాదు, నిజంగానే బొమ్మ పాడైంది.

జవాబు, వరంగల్:
పై మిత్రులు చెప్పిన ఇబ్బంది నిజమే కానీ, తప్పు టీవీది కాదు, దానికి అందుతున్న ప్రసారానిది. ఎస్‌డీ బొమ్మలో చుక్కలు నాలుగు లక్షల పైచిలుకు; ఫుల్ హెచ్‌డీ తెరలో 1920×1080 చొప్పున ఇరవై లక్షలు దాటుతాయి, అంటే సరిగ్గా అయిదు రెట్లు. తొమ్మిది అడుగుల నుంచి ఆ చుక్కలన్నీ కంటికి విడివిడిగా ఆనవు. అయినా అంత పెద్ద తెర మీద ఎస్‌డీకీ హెచ్‌డీకీ తేడా ఆ దూరంలోనూ తెలుస్తుంది. కొన్నాక చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు వేరే ఉంది. సెట్‌టాప్ బాక్సు మార్చరు, మార్చినా పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత తీగతోనే కలుపుతారు. ఆ తీగలో హెచ్‌డీ బొమ్మ రాదు, హెచ్‌డీఎంఐ తీగ ఉండి తీరాలి. పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ రిమోట్‌లో పాత ఛానల్ నంబరే నొక్కుతారు, ఈటీవీ, స్టార్ మా వంటి ఛానళ్ళ హెచ్‌డీ ప్రసారం మాత్రం వేరే నంబరులో వస్తుంది. ఆ ఛానళ్ళను ప్యాకులో విడిగా చేర్పించుకోవాలి, నెలనెలా కొంత ఎక్కువ కట్టాలి. ఈ ఖర్చు లెక్క వేసుకోకుండా టీవీ ధర ఒక్కటే చూసి కొంటే మీ అమ్మగారు కూడా పాతదే నయమని అనవలసి వస్తుంది.

జవాబు, విశాఖపట్నం:
తీగ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఉన్నది ఆ మూడు పిన్నులదే. రేపే మార్పిస్తాను. అయితే మా కేబుల్‌లో తెలుగు వార్తా ఛానళ్ళు ఎస్‌డీలోనే వస్తున్నాయి. రోజంతా వార్తలే చూసే ఇంటికి ఇంత ఖర్చు తగదన్న నా మాట మాత్రం మార్చుకోను.

అడిగినవారు:
నాన్నగారు చూసేవి వార్తలే, అమ్మ చూసేవి సీరియళ్ళు. అమ్మకు ఈ మధ్య తెర మీది చిన్న అక్షరాలు ఆనక, కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకొని కూర్చుంటోంది. ఆమె కోసమైనా కొంటాను. బాక్సు, ప్యాకు సంగతి ముందుగా కేబుల్ ఆపరేటరుతో మాట్లాడి, ఆ తరువాతే దుకాణానికి వెళ్తాను.