అమ్మ ఉండే ఇంట్లో కెమెరా పెట్టడం తప్పా?

డల్లాస్_తెనాలి:
అమ్మకి 82. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. నిరుడు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్ లేనిదే అడుగు వెయ్యలేదు. పనమ్మాయి పొద్దున, సాయంత్రం వస్తుంది. మొన్న నేను అమెరికా నుంచి వచ్చినప్పుడు హాల్లో కెమెరా పెట్టించాను. పది రోజులుగా నాలుగయ్యేసరికి దాని మీద తువ్వాలు పడుతోంది, ఆరింటికి తీసేస్తున్నారు. అడిగితే "దుమ్ము పడుతుందిరా" అంటుంది. చెల్లెలేమో కెమెరా తీసెయ్యమని గొడవ. మీరేమంటారు?

అడ్డరోడ్డు:
తువ్వాలు కప్పిందంటే ఇంకా అడగడమెందుకు? తీసెయ్యండి.

పెద్దకోడలు:
మా అత్తగారిని తొమ్మిదేళ్లు చూశాను. చివరి రెండేళ్లు మంచంలోనే. మా మరిది కెనడా నుంచి వీడియో కాల్‌లో "వదినా, అన్నం మెత్తగా వండుతున్నావా?" అనేవాడు. ఆ తొమ్మిదేళ్లలో వచ్చింది రెండుసార్లు. అందులో ఒకటి పొలం రిజిస్ట్రేషన్‌కి.

డల్లాస్_తెనాలి:
నేనడిగింది కెమెరా గురించండీ, మీ మరిది గురించి కాదు.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
ఒక సందేహం. కెమెరా ఎంత ఎత్తున ఉంది?

డల్లాస్_తెనాలి:
ఏడడుగులుంటుంది మాస్టారూ.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
వాకర్ పట్టుకు నడిచే మనిషికి అంత ఎత్తు ఎలా అందుతుంది? స్టూలు ఎక్కుతోందేమో చూసుకోండి ముందు.

లా_పాయింట్:
తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్తే పిల్లల నుంచి నెలకి 10,000 దాకా భరణం ఇప్పిస్తారు. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది.

పెద్దకోడలు:
డబ్బు ఎవరడిగారండీ? మా పక్కింటి ముసలమ్మకి ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు 4,000 పింఛను ఇంటికే తెచ్చిస్తారు. నోట్లు లెక్క కూడా పెట్టకుండా తలగడ కింద తోసేసి, "కూర్చో నాయనా, కాఫీ తాగి వెళ్దువు" అంటూ ఆ అబ్బాయి చెయ్యి వదలదు. అతనికేమో ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలి. డల్లాస్ గారూ, నిజం చెప్పండి. ఆ కెమెరా మీ అమ్మ కోసమా, మీ నిద్ర కోసమా?

డల్లాస్_తెనాలి:
అవును, నా నిద్ర కోసమే! పడిపోయిన రాత్రి బాత్‌రూమ్ గడప దగ్గర నాలుగు గంటలు పడి ఉంది అమ్మ. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. పొద్దున పనమ్మాయి వచ్చి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలీదు. ఆ టైములో నేనిక్కడ మావాడి సాకర్ మ్యాచ్‌లో ఈలలు వేస్తున్నా. కెమెరా తీసేశాక మళ్లీ పడితే మా చెల్లెలు జవాబు చెబుతుందా? మీరు చెబుతారా?

అడ్డరోడ్డు:
కెమెరా వచ్చి లేపుతుందా?

పెద్దకోడలు:
పడిపోతుందని మీకు టెన్షన్, కాదనను. పడకుండా కూర్చున్న రోజున ఎవరితో మాట్లాడుతోందో ఎప్పుడైనా కనుక్కున్నారా?

రిటైర్డ్_హెడ్మాస్టర్:
తువ్వాలు సంగతి తేల్లేదు.

డల్లాస్_తెనాలి:
తేలింది మాస్టారూ. పనమ్మాయి చెప్పింది. నాలుగింటికి వీధిలో ఆడవాళ్లు నలుగురు వచ్చి అమ్మ దగ్గర కూర్చునేవాళ్లట. కెమెరా పెట్టాక "మీ అబ్బాయి అమెరికా నుంచి వింటాడు, మేం రాం" అని మానేశారట. కోడళ్ల మీద చెప్పుకోవాల్సినవి ఉంటాయిగా మరి. అమ్మే ఎదురింటి పిన్నిగారిని పిలిపించి, చీపురు కర్రతో తువ్వాలు వేయించింది. చెల్లెలికి ఇదంతా ముందే తెలుసు. నాకే చెప్పలేదు. సరే, ఆ రెండు గంటలూ నేనే ఆపేస్తాను. రాత్రిళ్లు మాత్రం తియ్యను.

పెద్దకోడలు:
కూతురికి చెప్పిన మాట మీకెందుకు చెప్పలేదో అది కూడా అడగండి.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
ఆవిడకి అందదని నేను ముందే అన్నాను.