రద్దు చేసిన కాల్‌ను రీట్రై మళ్లీ లేపుతోంది: రీట్రై ఏ పొరలో ఉండాలి?

ప్రశ్న

నెట్‌వర్క్ కాల్ విఫలమైతే మొత్తం మూడుసార్లు ప్రయత్నించే ఫంక్షన్ ఒకటి రాసుకొని, ప్రోగ్రామ్ అంతటా దానినే వాడుతున్నాము. వాడుకరి పేజీ విడిచి వెళ్లినప్పుడు మేము కాల్‌ను రద్దు చేస్తాము. ఆ రద్దు కూడా ఎర్రర్ రూపంలోనే రావడంతో, ఆ ఫంక్షన్ దానిని వైఫల్యంగా భావించి పనిని మళ్లీ మొదలుపెడుతోంది. రీట్రైని, అంటే ఇలా మళ్లీ ప్రయత్నించే పనిని, అడుగున లైబ్రరీలోనే ఉంచి ఈ లోపాన్ని సరిచేయాలా, లేక పైనున్న కోడ్‌కే అప్పగించాలా అన్న విషయంలో మా బృందం రెండుగా చీలింది.

జవాబు 1

లైబ్రరీలోనే ఉంచండి. ఏ ఎర్రర్ తాత్కాలికమో తెలిసేది నెట్‌వర్క్‌కు దగ్గరగా ఉన్న కోడ్‌కే. సర్వర్ నుంచి 503 (ప్రస్తుతానికి సేవ అందుబాటులో లేదు) అనే కోడ్ వస్తే కొంత ఆగి ప్రయత్నించవచ్చు. 429 (రిక్వెస్ట్‌లు మరీ ఎక్కువయ్యాయి) కోడ్‌తో పాటు రీట్రై-ఆఫ్టర్ హెడర్ వస్తే అందులో చెప్పినంతసేపు ఆగాలి. 400 (రిక్వెస్టే తప్పుగా ఉంది) వస్తే అదే రిక్వెస్ట్‌ను ఎన్నిసార్లు పంపినా ప్రయోజనం ఉండదు. ఈ విచక్షణను ప్రతి స్క్రీన్ రాసేవారికీ వదిలేస్తే పది చోట్ల పది రకాలుగా తయారవుతుంది. మీ లోపం, ఎర్రర్లను పట్టే క్యాచ్ బ్లాక్‌లో 'ఇది రద్దయితే మళ్లీ ప్రయత్నించకు' అన్న ఒక్క షరతుతో పోతుంది.

జవాబు 2

ఒక్క షరతు చాలదు. రద్దు ఎప్పుడూ కాల్ నడుస్తుండగానే రాదు, రెండు ప్రయత్నాల మధ్య వేచి ఉన్నప్పుడూ రావచ్చు. జావాస్క్రిప్ట్‌లో నెట్‌వర్క్ కాల్ చేసే ఫెచ్, రద్దును తెలిపే అబార్ట్ సిగ్నల్‌ను తీసుకుంటుంది గానీ, వేచి ఉండటానికి వాడే బ్రౌజర్‌లోని సెట్‌టైమౌట్ తీసుకోదు, కనుక అబార్ట్ ఈవెంట్‌ను గమనిస్తూ టైమర్‌ను మనమే తొలగించాలి. రద్దును మామూలు ఎర్రర్‌గా పొరబడే దెబ్బ పైథాన్‌వారికి కూడా తగిలింది: 3.8 వెర్షన్‌లో, రద్దును తెలిపే క్యాన్సిల్డ్‌ఎర్రర్‌ను సాధారణ ఎర్రర్ల వర్గమైన ఎక్సెప్షన్ కింద నుంచి తీసి, దానికి పై వర్గమైన బేస్‌ఎక్సెప్షన్ కిందికి మార్చారు. అంతకుముందు, అన్ని ఎర్రర్లనూ పట్టే సాధారణ కోడ్ రద్దును కూడా మింగేసేది.

అంతకన్నా పెద్ద చిక్కు గుణకారం. ఒకదాని కింద ఒకటిగా మూడు పొరలున్నప్పుడు ప్రతి పొరా మూడేసి సార్లు ప్రయత్నిస్తే, అట్టడుగు సర్వర్‌కు ఒక్క క్లిక్‌తో 27 కాల్స్ చేరతాయి, అదీ అది అప్పటికే కుంగిపోయి ఉన్న సమయంలో.

జవాబు 1 రాసినవారు

గుణకారం గురించి మీరన్నది నిజమే, దానిని నేను తక్కువగా అంచనా వేశాను. అయినా రీట్రైని పైకి తరలిస్తే పోస్ట్ రిక్వెస్ట్‌ల (ఆర్డర్ లాంటి కొత్త సమాచారాన్ని సర్వర్‌కు పంపేవాటి) సంగతి ఏమవుతుంది? టైమౌట్ వచ్చినంత మాత్రాన సర్వర్ ఆ పని చేయలేదని కాదు, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. స్క్రీన్ కోడ్ గుడ్డిగా మళ్లీ పంపితే ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదవుతుంది. ఇది పాత ఆర్డరేనని సర్వర్ గుర్తుపట్టేలా ప్రతి ప్రయత్నానికీ ఒకే గుర్తింపు కీ జతచేసే క్రమశిక్షణను లైబ్రరీయే పాటించగలదు.

జవాబు 3

ఆ కీని లైబ్రరీ తయారుచేస్తే, వాడుకరి బటన్‌ను రెండోసారి నొక్కినప్పుడు కొత్త కీ పుట్టి సర్వర్ దానిని వేరే ఆర్డర్ అనుకుంటుంది, కాబట్టి ఆ నొక్కు ఏ ఆర్డర్‌కు చెందిందో తెలిసిన పైకోడ్ నుంచే కీ రావాలి. నా దృష్టిలో మీ ఇద్దరి వాదమూ రెండు వేర్వేరు నిర్ణయాలను కలిపేస్తోంది. "ఇది మళ్లీ ప్రయత్నించదగిన ఎర్రరేనా" అన్నది కింది పొర చెప్పాలి; "ఈ ఫలితం ఇంకా ఎవరికైనా కావాలా, ఎంతసేపటిలోగా కావాలి" అన్నది పై పొర మాత్రమే చెప్పగలదు. గో భాషలో కాంటెక్స్ట్ అనే ఒకే వస్తువు రద్దునూ గడువునూ కలిపి కిందికి మోసుకుపోవడం నాకు నచ్చేది అందుకే. రీట్రై లూప్‌ను ఏదో ఒక్క పొరలోనే ఉంచండి, ప్రతి ప్రయత్నానికి ముందూ రద్దు సంకేతం వచ్చిందేమో చూడండి, వేచి ఉండే సమయాన్ని పెంచుకుంటూ పోతూ దానికి కొంత యాదృచ్ఛికతను కలపండి. లేకపోతే ఒకేసారి విఫలమైన క్లయింట్లన్నీ ఒకేసారి తిరిగి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

లూప్‌ను ఒక పొరకే పరిమితం చేసి, టైమర్‌కు కూడా సిగ్నల్‌ను కలిపాము. పేజీ విడిచాక కాల్స్ మళ్లీ లేవడం ఆగింది. అయితే రెండు స్క్రీన్‌లు ఒకే కాల్ ఫలితాన్ని పంచుకుంటున్న చోట ఒకటి రద్దు చేస్తే రెండోది ఖాళీగా మిగులుతోంది.

జవాబు 2 రాసినవారు

పంచుకున్న కాల్‌కు ఏ స్క్రీన్ సిగ్నల్‌నూ నేరుగా ఇవ్వకండి. ఎదురుచూస్తున్నవారి లెక్క ఉంచి, ఒకరు వెళ్లిపోతే వారి నిరీక్షణను మాత్రమే ముగించండి. లెక్క సున్నాకు చేరినప్పుడు అసలు కాల్‌ను రద్దు చేయండి.