ఉత్త టాకో షెల్‌లో ఏముంటది? ఒక్కోచోట ఒక్కో లెక్క

హన్మకొండ పెంక:
మెక్సికో వాళ్లు మక్కరొట్టెను మడిచి లోపల కూర పెట్టుకుని తినేదే టాకో. లోపల కూర, చీజ్ ఏం పెట్టకుండా ఉత్త షెల్, అంటే ఆ రొట్టె సంగతి అడుగుతున్న. 100 గ్రాములకు ఒకచోట 218 క్యాలరీలని ఉంది, ఇంకోచోట 470 దాటింది. రెండూ మక్కపిండివే. ఏది నమ్మాలె? ఇంట్ల షుగర్ ఉన్నవాళ్ల కోసం కాబట్టి ఒక్కో షెల్‌కు ఎంతనో చెప్తే మంచిది. ఇంకోటి, గిర్నీల పట్టించిన మన మక్కపిండితో చేసినా పోషకాలు అంతేనా? ఆ పిండి పలుచగ ఒత్తితే అంచులు పగులుతున్నయి, కాల్చి మడతపెడితే రెండు ముక్కలైతున్నది.

కాటా_లెక్క:
రెండూ నిజమే, కానీ రెండూ ఒకటే వస్తువు కాదు. 218 అన్నది మెత్తటి టోర్టియా, అంటే మెక్సికన్ మక్కరొట్టె లెక్క. పెంక మీద కాల్చి వేడివేడిగా తినేది. 470 పైన ఉన్నది నూనె పట్టి, కరకరలాడేలా వంచిన డబ్బా షెల్‌ది.

మెత్తటిదాంట్లో దాదాపు 46 శాతం నీళ్లే. ఆ నీళ్లన్నీ ఎండగొడితే నూనె చుక్క లేకుండానే 100 గ్రాముల లెక్క 385–400 దాకా పోతది. ఆ పైన పెరిగిందంతా నూనె. మెత్తటిదాంట్లో కొవ్వు 3 గ్రాముల లోపు, గట్టి షెల్‌లో 20 గ్రాముల పైచిలుకు.

అందుకే 100 గ్రాముల లెక్క పక్కన పెట్టి ఒక్కోదాని బరువు చూడండి. 24 గ్రాముల మెత్తటి టోర్టియాకు 52 క్యాలరీలు, పిండిపదార్థం 11 గ్రాముల లోపు, పీచు 1.5, ప్రొటీన్ 1.4, కొవ్వు 0.7. 13 గ్రాముల గట్టి షెల్‌కు 60 చిల్లర క్యాలరీలు, పిండిపదార్థం 8 గ్రాములు, పీచు 1 లోపు, కొవ్వు 2.5–3. అంటే ఒక్కోదానికి తేడా పెద్దగా లేదు. కానీ గట్టివి మూడు తిన్నా 39 గ్రాములే, కడుపు నిండదు, చెయ్యి నాలుగోదానికి పోతది. అసలు ఇబ్బంది అక్కడ.

షుగర్ ఉన్నవాళ్లకు జొన్నరొట్టెతో పోల్చి చెప్తే తొందరగా అర్థమైతది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టిక ప్రకారం 100 గ్రాముల జొన్నలకు 334 క్యాలరీలు. 50 గ్రాముల పిండి పట్టే ఒక జొన్నరొట్టె అంటే 167, మూడు మెత్తటి టోర్టియాలకు కాస్త ఎక్కువ. "మెక్సికన్ రొట్టె తేలిక" అనే మాటలో నిజం ఇంతే: అది చిన్నది.

డబ్బా కొంటే ముందు భాగం చూడకండి, వెనక్కి తిప్పండి. ఏ నూనె, ఉప్పు ఎంత, "ఒక సర్వింగ్" అంటే ఎన్ని షెల్స్ అనేవి చూడండి. మెత్తటి ఉత్త టోర్టియాలో సోడియం 100 గ్రాములకు 45 మిల్లీగ్రాములే. డబ్బా షెల్స్‌లో 300 దాటినవి మామూలే.

సున్నపుతేట:
మీ రెండో ప్రశ్నకు జవాబు: కాదు. గిర్నీ పిండి, టోర్టియాకు వాడే మాసా (సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మక్కపిండి) ఒకటి కాదు. అంచులు పగలడానికీ, పోషకాలు మారడానికీ కారణం ఒకటే, సున్నం.

మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి, కడిగి, తడి మీదనే రుబ్బుతరు. సున్నం పొట్టును కరిగించి జిగురు చేస్తది, గింజలోని స్టార్చ్ కొంత ఉడికి ఉబ్బుతది. గోధుమలో ఉండే గ్లూటెన్ మక్కల్లో లేదు, పిండిని పట్టి ఉంచేవి ఈ రెండే. గిర్నీ పిండిలో ఇవి లేవు. మరిగే నీళ్లు పోసి పిసికితే మక్కరొట్టె వరకు వస్తది గానీ 2 మిల్లీమీటర్ల మందంలో మడతకు ఆగదు.

పోషకాల తేడా: మన ఎండు మక్కల్లో కాల్షియం 100 గ్రాములకు 9 మిల్లీగ్రాముల దగ్గర, టోర్టియాలో 80 దాకా. పెరిగిందంతా సున్నంది, కాబట్టి ఎంత కడిగితే అంత తగ్గుతది. ఇంకా ముఖ్యమైనది నియాసిన్, అంటే బి3 విటమిన్. మక్కల్లో అది ఉంటది గానీ చాలావరకు ఒంటికి పట్టని రూపంలో బందీగా ఉంటది. సున్నం, వేడి కలిస్తే విడుదలైతది. ఈ పద్ధతి తెలియకుండా మక్కల మీదనే బతికిన ఐరోపా, అమెరికా పేదల్లో పెల్లాగ్రా (నియాసిన్ లోటుతో వచ్చే జబ్బు) అందుకే వచ్చింది.

కొలతలు: కిలో మక్కలు, 10 గ్రాముల తినే సున్నం, 3 లీటర్ల నీళ్లు. సున్నాన్ని చెంచాతో కాదు, కాటాతో తూచాలె. స్టీలు గిన్నెనే వాడండి, అల్యూమినియాన్ని సున్నం తింటది. సన్నగా ఉడుకుతూ ఉండాలె, తెర్లనియ్యొద్దు. మన హైబ్రిడ్ మక్కలు గట్టివి కాబట్టి 40–45 నిమిషాలు పెట్టండి. గోటితో గీకితే పొట్టు జారాలె, కొరికితే నడుమ కొంచెం పచ్చిగా తగలాలె. నడుమ కూడా మెత్తబడితే పిండి బంకలా అంటుకుంటది. మూతపెట్టి 10–12 గంటలు వదిలేసి, ఆ పసుపు నీళ్లు పారబోసి, చేత్తో రుద్దుతూ రెండు మూడు నీళ్లు కడగండి. చేదు, సబ్బు వాసన వస్తే సున్నం ఎక్కువైనట్టు, లేదా కడుగుడు చాలనట్టు.

ఎనుమాముల మక్క:
మక్కల విషయంలో ఒకటి. విత్తనాల దుకాణంలో రంగు పూసిన గింజలు ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు, వాటికి మందు కలిపి ఉంటది. మార్కెట్ సరుకైతే తడిసి నల్లబడ్డవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయండి. సున్నంలో ఉడికిస్తే అఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) పోతది అంటరు. తగ్గుతది, పూర్తిగా పోదు. కడుపులోని ఆమ్లం తగిలితే కొంత మళ్లీ తిరిగి వస్తది కూడా.

పాన్ డబ్బాల సున్నం వాడొచ్చా? గిర్నీ పిండిలోనే సున్నపుతేట పోసి కలిపితే పని కాదా?

సున్నపుతేట:
పాన్ సున్నంలో నీళ్లు ఎంతో తెలియదు, కొన్నిటికి వాసన కూడా కలుపుతరు. ఐ.ఎన్.ఎస్. 526 (తిండిలో వాడే సున్నం గుర్తు) అని రాసి ఉన్న పొడి కొనండి. గోడలకు వేసే సున్నం తిండికి పనికిరాదు. ఇక పిండిలో తేట కలిపితే చేదు వస్తది, కట్టు రాదు. గింజ గింజలాగే ఉడికి నానాలె. ఓపిక లేకపోతే మాసా పొడి కొనుక్కోండి, బరువుకు బరువు కంటే కొంచెం ఎక్కువ గోరువెచ్చటి నీళ్లు పోసి అరగంట నాననియ్యండి.

రుబ్బేటప్పుడు గ్రైండర్ తిరగట్లేదని నీళ్లు పోస్తూ పోతే దోసెపిండి అయితది. చారెడు చారెడు నీళ్లతో ఆపండి. 30 గ్రాముల ఉండ చేత్తో నొక్కితే అంచు చీలొద్దు; చీలితే తడి చెయ్యి అద్దండి. కిలో మక్కలకు 55–60 ఉండలు వస్తయి.

కాటా_లెక్క:
కాల్చుడు గురించి: పెంక బాగా కాగాలె. మొదటి వైపు 15–20 సెకన్లు, రెండోవైపు ముప్పావు నిమిషం, మళ్లీ తిప్పితే పొంగాలె. పొంగకపోతే పెంక చల్లగా ఉన్నట్టు, లేదా పిండి ఎండినట్టు. వెంటనే బట్టలో చుట్టి పెట్టండి, ఆ ఆవిరితోనే మడతకు వస్తది.

గట్టి షెల్ కావాలంటే నూనె లేకుండానే చేయొచ్చు. మెత్తబడ్డ టోర్టియాను ఓవెన్ జాలీ రెండు కడ్డీల మీద వేలాడదీసి, 190 డిగ్రీల్లో 8–10 నిమిషాలు. ఒక్కోదానికి 52 క్యాలరీలు అట్లనే ఉంటయి, నీళ్లు మాత్రమే పోతయి. వేయిస్తే ఎంత పీల్చిందో తెలుసుకోవడానికి, పది షెల్స్‌కు ముందు, తర్వాత కడాయిని నూనెతో సహా తూచండి. తగ్గిన గ్రాములను 9తో హెచ్చించి పదితో భాగిస్తే ఒక్కోదాని మీద పడ్డ క్యాలరీలు. నూనె 180 డిగ్రీల కంటే చల్లగా ఉంటే కరకరలాడటానికి ఎక్కువసేపు పడతది, నూనె ఎక్కువ పట్టి చేతికి అంటుతది.

హన్మకొండ పెంక:
మంచిగ అర్థమైంది అన్నలూ. మరి లోపల ఏం పెడితే లెక్క చెడదు?

సున్నపుతేట:
మక్కల ప్రొటీన్‌లో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) తక్కువ. లైసిన్ లోటు పప్పుగింజలు తీరుస్తయి. మెక్సికో వాళ్లు చిక్కుడుగింజలు పెట్టేది ఊరికే కాదు. ఉడికించిన బొబ్బర్లు, ఉల్లిగడ్డ, నిమ్మరసం చాలు. చీజ్ తురిమితే పైన చేసిన లెక్కలన్నీ మళ్లీ మొదటికి.