ప్రభుత్వ టెండర్లకు సప్లయర్‌గా రిజిస్ట్రేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (సిద్దిపేట నుంచి)

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫర్నిచర్ యూనిట్. స్కూల్ బెంచీలు, ఇనుప బీరువాలు, ఆఫీసు టేబుళ్లు చేస్తాం. ఇప్పటిదాకా ప్రైవేటు స్కూళ్లకే ఇచ్చాం. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ టెండర్లు వేద్దామనుకుంటున్నాం. ప్రొప్రైటర్‌షిప్ ఫర్మ్, జీఎస్టీ ఉంది. తెలిసినాయన ఒకరు "కాంట్రాక్టర్ క్లాస్ లైసెన్స్ తీయాలి, అంతా నేనే చూసుకుంటా, డిజిటల్ కీ నా దగ్గరే ఉంచండి" అంటున్నారు. ఇది నిజమేనా?

జవాబు (వరంగల్ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ కీ సంగతి. ఎవరికీ ఇవ్వొద్దు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం డిజిటల్ సంతకం చేతి సంతకంతో సమానం. టోకెన్ (ఆ సంతకం ఉండే యూఎస్‌బీ, ఆయన కీ అన్నది దీన్నే), దాని పిన్ రెండూ వేరేవాళ్ల దగ్గరుంటే నీ పేరు మీద ఏ రేటుకైనా బిడ్ వేసేయొచ్చు. తర్వాత నువ్వు సరుకు ఇవ్వలేకపోతే డిపాజిట్ పోయేది నీది, బ్లాక్‌లిస్ట్‌లో పడేది నీ ఫర్మ్. సాయం కావాలంటే పక్కన కూర్చోబెట్టుకో, టోకెన్ మాత్రం నీ బీరువాలోనే ఉండాలి.

ఇక క్లాస్ లైసెన్స్. అది రోడ్లు, బిల్డింగులు, కాలువల పనులు చేసే కాంట్రాక్టర్లకు. నువ్వు సరుకు సప్లయర్‌వి. నీకు కావాల్సింది తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో బిడ్డర్‌గా రిజిస్ట్రేషన్. కేంద్రం 2016లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల సైట్ జెమ్ పోర్టల్ వేరు, దాంట్లో విడిగా చేసుకోవాలి. రాష్ట్ర ఆఫీసులు కూడా అక్కడ కొంటాయి కాబట్టి రెండూ ఉంటే మంచిదే.

చేతిలో ఉండాల్సినవి పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), బ్యాంకు ఖాతా, క్లాస్ 3 డిజిటల్ సంతకం. 2021 నుంచి క్లాస్ 2 ఇవ్వడం లేదు. సంతకానికి, ఎన్‌క్రిప్షన్‌కు (బిడ్ వేరేవాళ్లు చదవకుండా తాళం వేయడానికి) రెండింటికీ పనికొచ్చేది అడుగు. ఉద్యమ్ ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ఎవరైనా డబ్బులు అడిగితే కట్టొద్దు.

ఎక్కువమంది ఇరుక్కునేది పేర్ల దగ్గర. నీ జీఎస్టీ సర్టిఫికెట్ తీసి చూడు. లీగల్ నేమ్ అన్నచోట నీ పేరు, ట్రేడ్ నేమ్ అన్నచోట షాపు పేరు ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉండి, టోకెన్‌లో ఫర్మ్ పేరే లేకపోతే, పరిశీలనలో 'ఈ ఫర్మ్, ఈ మనిషి ఒకటేనా' అని అడ్డు చెబుతారు. టోకెన్‌లో ఫర్మ్ పేరు కూడా రావాలంటే వ్యక్తిగతం కాకుండా ఆర్గనైజేషన్ రకం తీసుకో. రిజిస్ట్రేషన్ మొదలుపెట్టకముందే ఇవన్నీ ఒక దారికి తెచ్చుకుంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

ప్రశ్న (సిద్దిపేట నుంచి)

చాలా థాంక్స్ అన్నా. ఉద్యమ్ ఉంటే ఈఎండీ (బిడ్‌తో కట్టే డిపాజిట్) కట్టక్కర్లేదట కదా?

జవాబు (వరంగల్ నుంచి)

అది కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థల కొనుగోళ్లకు 2012లో వచ్చిన విధానం. రాష్ట్ర టెండర్‌లో మినహాయింపు ఉందో లేదో ఆ టెండర్ డాక్యుమెంట్‌లోనే రాసి ఉంటుంది. లేకపోతే కట్టాల్సిందే. ఉంటుందిలే అనుకుని కట్టకుండా వేస్తే టెక్నికల్ బిడ్‌లోనే, అంటే అర్హతలు చూసే దశలోనే తీసేస్తారు, నీ రేటు ఎంతో చూడరు కూడా. డబ్బు చివరి రోజు పంపొద్దు. ఆర్టీజీఎస్‌లో పంపింది పోర్టల్‌లో కనబడేసరికి టైం పడుతుంది. గడువుకు లెక్క పోర్టల్ గడియారమే, నీ ఫోన్‌లో టైం కాదు.

డాక్యుమెంట్‌లో ముందు అర్హతల పేజీ చదువు. ఎన్నేళ్ల టర్నోవర్ అడిగారు, ప్రభుత్వానికి ఇచ్చిన అనుభవమే కావాలా, ప్రైవేటు సప్లయ్ కూడా చెల్లుతుందా అన్నది చూడు. నువ్వు ప్రైవేటు స్కూళ్లకు ఇచ్చిన ఆర్డర్ కాపీలు, సరుకు అందిందని వాళ్లిచ్చిన లెటర్లు ఇప్పుడే అడిగి తీసుకో. టర్నోవర్ సర్టిఫికెట్ మీద సీఏ గారు యూడీఐఎన్ నంబర్ (ఆ సర్టిఫికెట్ అసలుదేనని ఆన్‌లైన్‌లో సరిచూసుకునే నంబర్) వేయాలి. ఆఖరిరోజు దాకా కొరిజెండం (టెండర్ సవరణ నోటీసు) వచ్చిందేమో చూస్తూ ఉండు, బెంచీ సైజు మారినా అందులోనే చెబుతారు. మొదట్లో నీ యూనిట్ తట్టుకునేంత చిన్న ఆర్డర్లకే వెయ్యమని నా సలహా. డబ్బు ఆలస్యమైనా జీతాలు ఆగకూడదు.

ప్రశ్న (గుంటూరు నుంచి)

వరంగల్ అన్నగారూ, మాది ఏపీ. మాకూ ఇంతేనా? బిల్లు ఆలస్యమైతే ఏం చేయాలి? జీఎస్టీలో ఏదో కోత కూడా ఉంటుందంటున్నారు.

జవాబు (వరంగల్ నుంచి)

పద్ధతి ఇదేనమ్మా, మీకు ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ వేరుగా ఉంది. అక్కడ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, డిజిటల్ సంతకం మాత్రం అదే వాడొచ్చు.

కోత నిజమే. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే ప్రభుత్వ ఆఫీసు 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటుంది, 2018 అక్టోబరు నుంచి ఇదే పద్ధతి. ఆ డబ్బు పోదు. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్ క్రెడిట్ అన్నచోటికెళ్లి మీరు యాక్సెప్ట్ చేస్తే మీ క్యాష్ లెడ్జర్‌లోకి (పోర్టల్‌లో మీ పన్ను డబ్బు నిల్వ ఖాతా) వస్తుంది. చాలామంది ఆ పని చేయక పోయిందనుకుని వదిలేస్తున్నారు.

బిల్లు సంగతి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అయితే కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు, వాళ్లకు ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకు రుణాల కోసమే. మీరు తయారీదారులైతే వర్తిస్తుంది. ఆర్డర్ రాకముందే ఉద్యమ్ తీసుకోండి, ఇన్‌వాయిస్ మీద ఆ నంబర్ వేయండి. సరుకు దించిన రోజే డెలివరీ చలానా మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకోండి, ఆ 45 రోజుల లెక్కకు మీ చేతిలో ఉండే రుజువు అదే.